వేడి తీగ కింద వజ్రపు పొర: లేజర్ గీతను చదువుతూ పెంచే పద్ధతి

మొదటిసారి వజ్రపు పొర పెంచిన రోజు ఎనిమిది గంటలు ఛాంబర్ ముందే కూర్చున్నాను. ఫిలమెంట్ (వేడి తీగ) తెల్లగా వెలుగుతోంది, గ్యాస్ మీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయి, ప్రెషర్ ముల్లు కదలడం లేదు. ఇంకేం, అంతా బాగానే ఉందనుకున్నాను. మర్నాడు తెరిచి చూస్తే సిలికాన్ ముక్క మీద ఉప్పు చల్లినట్టు అక్కడక్కడ నలుసులు కనిపించాయి. పొర అన్నది లేదు. తప్పు జరిగింది మొదటి అరగంటలోనే, నాకు తెలిసింది మాత్రం మర్నాడు. మధ్యలో కాలిన కరెంటు, హైడ్రోజన్ అంతా దండగ.

ఆ తర్వాత ఒక చిన్న ఎర్ర లేజర్, పొర మీద నుంచి తిరిగొచ్చే దాని వెలుగును కొలిచి గీతగా చూపే ఒక ఫోటోడయోడ్ తెచ్చి ఛాంబర్ పక్కన బిగించాం. ఇప్పుడు మొదటి నలభై నిమిషాల్లో గీత ఎలా నడుస్తుందో చూసి, రన్ కొనసాగించాలా ఆపేయాలా అని తేల్చుకుంటాం. ఈ వ్యాసంలో చెప్పేది ఆ పద్ధతే.

ముందుగా ఒక మాట. సూరత్‌లో నగల కోసం తయారయ్యే ల్యాబ్ వజ్రాల సంగతి వేరు. అక్కడ వజ్రపు ముక్క మీదే వజ్రాన్ని పెంచుతారు, ఎక్కువగా మైక్రోవేవ్ ప్లాస్మాలో. ఇక్కడ మనం చెప్పుకునేది సిలికాన్ మీద పెరిగే, లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు కలిసిన పలుచని పొర. పనిముట్ల పూతలకు, సెన్సర్లకు, ఎలక్ట్రోడ్లకు, వేడిని లాగేసే పలకలకు వాడేది ఇదే. పద్ధతి పేరు హాట్ ఫిలమెంట్ సీవీడీ, అంటే వేడి తీగ సాయంతో వాయువు నుంచి రసాయన చర్యతో పొర పేర్చడం. ఖర్చు తక్కువ, కాలేజీ ల్యాబ్‌లోనూ నడపవచ్చు. కానీ హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి ఇంట్లో చేసే పని కాదు. అనుభవం ఉన్నవాళ్లు పక్కన లేకుండా మొదలుపెట్టకండి.

లోపల ఏం జరుగుతుందంటే

మామూలు ప్రెషర్ దగ్గర కార్బన్‌కు గ్రాఫైట్‌గా ఉండటమే సుఖం. అందుకే 1954లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు వజ్రం చేయడానికి భారీ ప్రెస్‌లు వాడారు. అంతకు ముందే, 1952-53లో, యూనియన్ కార్బైడ్‌లో విలియం ఎవర్సోల్ తక్కువ ప్రెషర్‌లో, వాయువు నుంచి వజ్రాన్ని పెంచాడు. కానీ అది మరీ నెమ్మది, పైగా వజ్రంతో పాటు గ్రాఫైట్ కూడా పేరుకునేది. ఈ చిక్కును విప్పింది హైడ్రోజన్ అణువు కాదు, అది విడిపోతే వచ్చే ఒంటరి హైడ్రోజన్ పరమాణువు. అమెరికాలో జాన్ ఆంగస్, సోవియట్ యూనియన్‌లో దెర్యాగిన్ బృందం ఈ దారిలో నడిచారు. 1982లో జపాన్‌లోని నిరిమ్ సంస్థలో మత్సుమోతో బృందం వేడి తీగతో గంటకు మైక్రాన్ లెక్కన పెంచి చూపాక ప్రపంచమంతా ఇటు తిరిగింది.

2000 డిగ్రీలు దాటిన తీగను తాకిన హైడ్రోజన్ రెండుగా విడిపోతుంది. ఆ ఒంటరి పరమాణువులు మూడు పనులు చేస్తాయి. కార్బన్‌ను తెచ్చే వాయువైన మీథేన్ నుంచి ఒక హైడ్రోజన్‌ను లాగేసి మిథైల్ రాడికల్ అనే చురుకైన ముక్కను తయారుచేస్తాయి. పెరుగుతున్న వజ్రం పైనున్న హైడ్రోజన్‌ను ఊడపీకి కార్బన్ వచ్చి కూర్చోవడానికి చోటు ఖాళీ చేస్తాయి. తప్పుగా కూర్చున్న గ్రాఫైట్‌ను వజ్రం కంటే ఎన్నో రెట్లు వేగంగా తినేస్తాయి. పొలంలో పైరును ఉంచి కలుపును మాత్రం పీకే కూలీలు అనుకోండి. ఆ కూలీలు తక్కువైతే పొర నల్లబడుతుంది. మీథేన్‌ను 1 శాతం దగ్గరే ఉంచమనడానికి కారణం ఇదే.

మొదటి మెట్టు: లీకు చూడటం

విసుగ్గా ఉంటుంది కానీ తప్పదు. పంపుతో ఛాంబర్ ఖాళీ చేసి, వాల్వు మూసి, ప్రెషర్ ఎంత వేగంగా పెరుగుతుందో చూడండి. 20 లీటర్ల ఛాంబర్‌లో నిమిషానికి 1 మిల్లీటార్ (టార్ అంటే ప్రెషర్ కొలత, అందులో వెయ్యో వంతు) పెరిగిందంటే, లోపలికి నిమిషానికి సుమారు 0.026 ఘన సెంటీమీటర్ల గాలి వస్తున్నట్టు. మనం పంపే గ్యాస్ నిమిషానికి 200 ఘన సెంటీమీటర్లు. అంటే పది లక్షల్లో 130 వంతులు గాలి, అందులో నూరు వంతులు నైట్రోజనే. ఆ కాస్త నైట్రోజన్ కూడా స్ఫటికాల ఆకారాన్ని, పెరిగే వేగాన్ని మార్చేస్తుంది. నేను దీనిలో పదో వంతుకు దిగితేనే ముందుకు వెళ్తాను.

హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఏ పాళ్లలో ఉన్నా అంటుకుంటుంది, పగటి వెలుగులో దాని మంట కంటికి కనిపించదు. పంపు నుంచి బయటికి వచ్చే గొట్టంలో నైట్రోజన్ కలిపి పలచన చేసి, భవనం బయటికి వదలండి. రోటరీ పంపుకు ఉండే గ్యాస్ బాలస్ట్ వాల్వును గాలికి తెరిచి ఉంచడం మాత్రం చేయకండి. హైడ్రోజన్‌తో నిండిన పంపులోకి చేతులారా గాలిని పంపినట్టవుతుంది.

రెండో మెట్టు: విత్తనాలు

నా మొదటి రన్ చెడింది ఇక్కడే. అందుకే కాస్త ఆగి చెబుతాను.

అద్దంలా నున్నగా ఉన్న సిలికాన్ మీద వజ్రం తనంతట తాను మొలవడం చాలా అరుదు. చదరపు సెంటీమీటరుకు ఓ పది వేల మొలకలు వస్తే గొప్ప. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది కానీ లెక్క వేస్తే మొలకకూ మొలకకూ మధ్య 100 మైక్రాన్ల దూరం. గంటకు అర మైక్రాన్ చొప్పున పెరిగే గింజలు ఆ దూరం ఎప్పుడు దాటాలి, ఎప్పుడు ఒకదాన్నొకటి తాకాలి?

ఇప్పుడు మొలకల సంఖ్య పది కోట్లు అనుకుందాం. మధ్య దూరం 1 మైక్రాన్. పక్క గింజను తాకేసరికి ఒక్కో గింజ అర మైక్రాన్ ఎత్తుకు పెరిగిపోతుంది, పొర మూసుకునేసరికే గుట్టలు మిట్టలుగా తయారవుతుంది. అదే వెయ్యి కోట్లయితే మధ్య దూరం 100 నానోమీటర్లు. 50 నానోమీటర్ల ఎత్తుకే పొర మూసుకుంటుంది, ఇంకా నున్నగానే ఉంటుంది. లేజర్ గీతలో మనకు కావలసిన అలలు రావాలంటే ఈ వెయ్యి కోట్ల స్థాయి ఉండాలి.

పాత పద్ధతి వజ్రపు పొడితో చేత్తో గీకడం. గీతలు పడతాయి, ఆ గీతల్లో పొడి ఇరుక్కుంటుంది, అవే విత్తనాలు. కానీ పది కోట్ల దగ్గరే ఆగిపోతుంది, పైగా ఎవరి చెయ్యి వారిది. నేను వాడేది 5 నానోమీటర్ల నానో వజ్రాలు కలిపిన నీటి ద్రవం. పేలుడు పదార్థాలను మూసిన పాత్రలో పేల్చినప్పుడు వచ్చే మసి నుంచి తీసే వజ్రాలివి, సీసాల్లో అమ్ముతారు. హైడ్రోజన్‌తో శుద్ధి చేసిన రకం అడిగి తీసుకోండి. నీటిలో వాటికి ధన ఆవేశం ఉంటుంది, సిలికాన్ మీదుండే పలుచని ఆక్సైడ్‌కు రుణ ఆవేశం ఉంటుంది. మనం పెద్దగా కష్టపడకుండానే వెళ్లి అతుక్కుంటాయి.

చేసే విధానం ఇది. 25 మిల్లీమీటర్ల చదరపు సిలికాన్ ముక్కను ఎసిటోన్‌లో, తర్వాత ఐసోప్రొపనాల్‌లో, చివరికి శుద్ధ జలంలో అల్ట్రాసోనిక్ స్నానం చేయించండి. తర్వాత నానో వజ్రాల ద్రవంలో 15 నుంచి 30 నిమిషాలు అల్ట్రాసోనిక్‌లోనే ఉంచండి. బయటికి తీసి శుద్ధ జలంలో ఒకసారి ముంచి, నైట్రోజన్ గన్‌తో ఒక వైపు నుంచి ఊది ఆరబెట్టండి. దానంతట అది ఆరనిస్తే, ఆరిన నీటిచుక్క అంచు చుట్టూ విత్తనాలు గుంపు కట్టి ఉంగరంలా మిగులుతాయి. కాఫీ కప్పు అడుగున పడే మరకలాగే. ఆ ఉంగరం రేపు పొరలోనూ అలాగే కనిపిస్తుంది.

మూడో మెట్టు: తీగను కార్బన్‌కు అలవాటు చేయడం

0.25 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ తీగలు మూడో, ఐదో సమాంతరంగా బిగిస్తాం. మీథేన్ తగిలేసరికి టంగ్‌స్టన్ మెల్లగా టంగ్‌స్టన్ కార్బైడ్‌గా మారుతుంది. మారుతున్నంతసేపు తీగ సాగుతుంది, దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. స్ప్రింగ్ పెట్టి లాగి ఉంచకపోతే వదులైన నవారులా కిందికి జారి, మధ్యలో కిందున్న సిలికాన్ ముక్కను దాదాపు తాకుతుంది.

అందుకే అసలు నమూనా పెట్టే ముందు ఒక పనికిరాని ముక్క పెట్టి, 2 నుంచి 3 శాతం మీథేన్‌లో తీగను రెండు మూడు గంటలు కాల్చండి. ఒకే వోల్టేజీ దగ్గర కరెంటు తగ్గుతూ తగ్గుతూ ఒకచోట నిలబడుతుంది. నిలబడిందంటే తీగ తయారైనట్టే. ఆ తర్వాత దాన్ని ముట్టుకోకండి, గాజులా పుటుక్కున విరుగుతుంది. నమూనా మార్చేటప్పుడు ఛాంబర్ మూతను చంటిపిల్ల నిద్రపోతున్న గది తలుపులా తీయాలి. నేను విరగ్గొట్టిన తీగల్లో సగం ఇలా మూత తీసేటప్పుడు పోయినవే.

నాలుగో మెట్టు: లేజర్ బిగించడం

వాన వెలిశాక రోడ్డు మీద నిలిచిన నీళ్లలో పెట్రోలు చుక్క పడితే రంగులు తేలతాయి కదా, ఇక్కడ జరిగేది అదే. పొర పైనుంచి కొంత వెలుగు తిరిగొస్తుంది, కింద సిలికాన్ దాకా వెళ్లి ఇంకొంత తిరిగొస్తుంది. రెండూ కలిసినప్పుడు ఒకసారి బలపడతాయి, ఒకసారి కొట్టేసుకుంటాయి. పొర మందం పెరిగే కొద్దీ వెలుగు పెరుగుతూ తగ్గుతూ అలలా నడుస్తుంది. అలకు అలకు మధ్య ఎంత మందం పెరిగిందో లెక్క సులువు: లేజర్ తరంగదైర్ఘ్యాన్ని వజ్రపు వక్రీభవన గుణకానికి రెట్టింపుతో భాగించాలి. హీలియం-నియాన్ లేజర్ 632.8 నానోమీటర్లు, వజ్రానికి 2.41. భాగిస్తే 131 నానోమీటర్లు. లేజర్ నిటారుగా పడుతున్నప్పటి లెక్క ఇది. పక్క కిటికీలోంచి 45 డిగ్రీల వాలులో పంపితే అల ఒక్కంటికి 137, 60 డిగ్రీలయితే 141. వాలును పట్టించుకోకుండా 131తోనే లెక్కేస్తే 60 డిగ్రీల దగ్గర మందంలో 7 శాతం తప్పు వస్తుంది.

సిలికాన్ ఎర్ర లేజర్‌ను మింగేస్తుంది కాబట్టి సిలికాన్ ముక్క అడుగు నుంచి తిరిగొచ్చే వెలుగు గొడవ ఉండదు. అది మన అదృష్టం.

ఇక సామాను. 2 నుంచి 5 మిల్లీవాట్ల హీలియం-నియాన్ ట్యూబు చాలు. పోలరైజేషన్ (వెలుగు కంపించే దిశ) స్థిరంగా ఉండే రకమే కొనండి. పోలరైజేషన్ మారుతూ ఉండే ట్యూబు వెలుగు, బీమ్‌ను రెండుగా చీల్చే బీమ్ స్ప్లిటర్ దాటగానే ఊగడం మొదలుపెడుతుంది, ఆ ఊగిసలాటను చూసి పొర పెరుగుతోందని మురిసిపోయిన రోజులు నాకున్నాయి. చవకలో వస్తుందని లేజర్ పాయింటర్ పెట్టకండి, గది వేడెక్కితే దాని తరంగదైర్ఘ్యం గెంతుతుంది. లేజర్‌ను అరగంట ముందే వెలిగించి ఉంచండి. బీమ్‌లో కొంత భాగాన్ని విడదీసి ఇంకో ఫోటోడయోడ్‌కు పంపి, రెండు సిగ్నళ్ల నిష్పత్తినే రికార్డు చేయండి.

అసలు సమస్య ఫిలమెంట్. పక్కనే 2000 డిగ్రీల తీగ సూర్యుడిలా వెలుగుతుంటే మిల్లీవాట్ల లేజర్‌ను వెతుక్కోవాలి. రెండు పనులు చేయాలి. ఒకటి, డిటెక్టర్ ముందు 632.8 దగ్గర మాత్రమే వదిలే ఫిల్టర్, వెడల్పు 10 నానోమీటర్లు లేదా అంతకంటే తక్కువ. రెండు, బీమ్‌ను చాపర్ చక్రంతో తుంచి, లాక్-ఇన్ ఆంప్లిఫయర్‌తో ఆ లయలో వచ్చే వెలుగునే పట్టుకోవడం. చాపర్ వేగం ఎంచుకునేటప్పుడు 50 హెర్ట్జ్ గుణిజాలకు దూరంగా ఉండండి. ఏసీ మీద నడిచే ఫిలమెంట్ సెకనుకు వంద సార్లు మినుకుమంటుంది. 300, 400 పెడితే ఆ మినుకు కూడా లోపలికి దూరుతుంది. నేను 370 పెడతాను.

మైక్రోవేవ్ ప్లాస్మా వాడేవాళ్లకు ఫిలమెంట్ ఉండదు కానీ ప్లాస్మా వెలుగు ఉంటుంది. అందులో హైడ్రోజన్ ఎర్ర గీత 656.3 దగ్గర, కార్బన్ జంట అణువుల ఆకుపచ్చ పట్టీ 516 దగ్గర ఉంటాయి. 632.8 ఈ రెండిటి మధ్య ఖాళీలో పడుతుంది, సన్న ఫిల్టర్ పెడితే సరిపోతుంది.

ఇంకో చిక్కు. చల్లగా ఉన్నప్పుడు సరిచేసిన బీమ్, నమూనా 800 డిగ్రీలకు చేరేసరికి కొన్ని మిల్లీమీటర్లు జరిగిపోతుంది. హోల్డరు వ్యాకోచిస్తుంది కదా. అప్పుడు అద్దాలు తిప్పుతూ కూర్చుంటే అత్యంత విలువైన మొదటి నిమిషాలు పోతాయి. పనికిరాని ముక్కతో తీగ కాల్చిన రోజే, వేడి స్థితిలో బీమ్ ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టుకోండి. అసలు రన్‌లో డిటెక్టర్‌ను ముందే అక్కడ ఉంచి, దాని ముందు పెద్ద లెన్సు పెడితే చిన్న చిన్న కదలికలను అదే సర్దుకుంటుంది.

అయిదో మెట్టు: మొదలుపెట్టడం

తీగకు నమూనాకు మధ్య దూరం 6 నుంచి 8 మిల్లీమీటర్లు. హైడ్రోజన్ నిమిషానికి 200 ఘన సెంటీమీటర్లు, మీథేన్ 2. ప్రెషర్ 20 నుంచి 30 టార్. తీగ 2000 నుంచి 2200 డిగ్రీలు, నమూనా 750 నుంచి 850. ఈ కొలతలతో గంటకు 0.3 నుంచి 0.5 మైక్రాన్ల పెరుగుదల ఆశించవచ్చు.

వేడెక్కేటప్పుడు ఒట్టి హైడ్రోజన్‌లో ఎక్కువసేపు ఉంచకండి. గ్రాఫైట్ అంత వేగంగా కాకపోయినా, 5 నానోమీటర్ల విత్తనాలను తినేయడానికి ఒంటరి హైడ్రోజన్‌కు పెద్ద సమయం పట్టదు. తీగ వేడెక్కిన వెంటనే మీథేన్ తెరవండి.

ఆరో మెట్టు: మొదటి అల

ఉట్టి సిలికాన్ మీద పడిన ఎర్ర వెలుగులో సుమారు 35 శాతం తిరిగొస్తుంది. దాని మీద వజ్రం 66 నానోమీటర్లకు చేరేసరికి, లెక్క ప్రకారం, తిరిగొచ్చేది 4 శాతానికి పడిపోతుంది. 131 దగ్గర మళ్లీ 35కు ఎక్కాలి. కాగితం మీద ఇంత అందంగా ఉంటుంది. నిజంగా జరిగేది చూద్దాం.

ఒక రన్ చెబుతాను. మీథేన్ తెరిచాక నాలుగైదు నిమిషాలు గీత కదల్లేదు. తర్వాత మెల్లగా దిగడం మొదలైంది, 15వ నిమిషం దాటాక అడుగు తాకింది. అక్కడే ఊపిరి బిగబట్టాలి. తిరిగి లేస్తుందా? లేచింది. 27వ నిమిషానికి మొదటి శిఖరం వచ్చింది, మొదలైన చోటికి కాస్త తక్కువలో. ఆ తర్వాత శిఖరానికీ శిఖరానికీ మధ్య 22 నిమిషాలు. 131ని 22తో భాగించి 60తో గుణిస్తే గంటకు 357 నానోమీటర్లు. మాకు కావలసింది 2 మైక్రాన్లు, అంటే 15 అలల మీద కొంచెం. అయిదున్నర గంటలకు అటూ ఇటూ అయిపోతుందని అప్పుడే భోజనానికి వెళ్లే ధైర్యం వచ్చింది.

విత్తనాలు సరిగా పడని రన్‌లో గీత దిగుతుంది, కానీ లేవదు. విడివిడి గింజలు వెలుగును నలువైపులా చిమ్మేస్తుంటాయి కాబట్టి సిగ్నల్ కిందికే పోతూ ఉంటుంది. అడుగు తాకాల్సిన సమయానికి రెట్టింపు గడిచినా గీత లేవలేదంటే ఆ రన్ ఆపేయండి. "ఇంకాసేపు చూద్దాం, సర్దుకుంటుందేమో" అనిపిస్తుంది. సర్దుకోదు. దూరంగా మొలిచిన గింజల మధ్య ఖాళీని తర్వాత ఎంత మీథేన్ పోసినా నున్నగా పూడ్చలేం.

ఏడో మెట్టు: అలలు చిన్నవవుతుంటే

పొర మందమయ్యే కొద్దీ గింజలు పెద్దవవుతాయి, పైభాగం గరుకవుతుంది, అలల ఎత్తు తగ్గుతుంది. గరుకుదనం సగటున 30 నానోమీటర్లున్నప్పుడు తిన్నగా తిరిగొచ్చే వెలుగు 70 శాతానికి తగ్గుతుంది. 100 నానోమీటర్లయితే 2 శాతమే మిగులుతుంది, అంటే గీత చచ్చిపోయినట్టే. ఇది మామూలే. కానీ సిగ్నల్ తగ్గడానికి ఇంకా కారణాలుంటాయి. వాటిని విడదీయడంలోనే ఈ పనిలో నేర్పంతా ఉంది.

కిటికీకి మసి పట్టినా సిగ్నల్ అచ్చం గరుకుదనంలాగే తగ్గుతుంది. శిఖరాలు, లోయలు రెండూ ఒకే పాళ్లలో కుంగుతాయి. ఒక్క డిటెక్టర్‌తో తేడా చెప్పలేరు. అందుకని పక్కకు చిమ్మిన వెలుగును పట్టే రెండో డిటెక్టర్ ఒకటి వాలుగా పెట్టండి. పొర గరుకవుతుంటే తిన్నగా వచ్చే వెలుగు తగ్గుతూ పక్కకు చిమ్మేది పెరుగుతుంది. మసి పడితే రెండూ తగ్గుతాయి. మేము ఒకసారి పెరుగుదల ఆగిపోయిందనుకుని మీథేన్ పెంచాం. తీరా చూస్తే కిటికీ మసి. ఆ పెంచిన మీథేన్‌తో మంచి పొర కాస్తా పాడైంది. అప్పటి నుంచి కిటికీ లోపలి వైపు సన్నగా హైడ్రోజన్ ఊదే గొట్టం పెట్టాం.

మూడో రకం వేరుగా ఉంటుంది. అలల ఎత్తు తగ్గుతుంది కానీ గీత సున్నా వైపు పోదు, 17 శాతం దగ్గర స్థిరపడుతుంది. మందపాటి వజ్రం పైముఖం నుంచి తిరిగొచ్చేది సరిగ్గా అంతే. అంటే పైనుంచి వెలుగు బాగానే వస్తోంది, కిందికి వెళ్లినది తిరిగి రావడం లేదు. పొర వెలుగును మింగుతోంది, నల్లబడుతోంది. మీథేన్ ఎక్కువై ఉండాలి, లేదా తీగ చల్లబడి ఒంటరి హైడ్రోజన్ తగ్గి ఉండాలి. మీథేన్‌ను అర శాతం తగ్గించి, తీగ ఉష్ణోగ్రత సరిచూడండి. లేజర్ మచ్చ మరీ పెద్దదైనా ఇలాగే మోసం చేస్తుంది. తీగ సరిగ్గా కింద పొర కాస్త మందంగా, రెండు తీగల మధ్య పలుచగా పెరుగుతుంది, మచ్చ ఆ రెండిటినీ కప్పితే అలలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మచ్చను మిల్లీమీటరుకు కుదించండి.

అలల మధ్య సమయం కూడా చూస్తూ ఉండండి. 22 నిమిషాలది 26, తర్వాత 30 అవుతుంటే తీగ మారుతోందన్నమాట.

ఉష్ణోగ్రత కొలిచే పైరోమీటర్ గురించి ఒక హెచ్చరిక. పొర ఎదుగుతుంటే అది కూడా ఊగుతుంది, పది ఇరవై డిగ్రీలు పైకీ కిందికీ. నమూనా నిజంగా వేడెక్కి చల్లబడటం లేదు. పొర లోపలి నుంచి వచ్చే వేడి వెలుగుకూ అదే అలల లెక్క వర్తిస్తుంది, అంతే. ఆ ఊగుడును చూసి టెన్షన్ పడి పవర్ ముట్టుకుంటే, లేని తప్పును సరిదిద్దబోయి కొత్త తప్పు చేసినట్టు.

కరెంటు పోతే? మా దగ్గర నాలుగో గంటలో పోయింది. లేజర్ యూపీఎస్ మీద ఉంది కాబట్టి గీత ఎక్కడ ఆగిందో తెలిసింది: తొమ్మిదో శిఖరం దాటి కొంచెం. అలా ఆగిన పొరను మళ్లీ పెంచితే మధ్యలో చారలా ఒక హద్దు మిగులుతుంది. ఎలక్ట్రోడ్లకైతే పర్వాలేదు, ఆప్టికల్ కిటికీలకైతే పక్కన పెట్టేయండి.

ఎనిమిదో మెట్టు: ఆపడం, తూకం వేయడం

కావలసిన అలలు లెక్కకు వచ్చాక ముందు మీథేన్ మూయండి. హైడ్రోజన్‌లో అయిదు పది నిమిషాలు ఉంచితే పైన మిగిలిన నల్లటి కార్బన్ పోతుంది. తర్వాత అరగంట పాటు పవర్ మెల్లగా తగ్గించండి. చల్లబడేటప్పుడు సిలికాన్ వజ్రం కంటే ఎక్కువ ముడుచుకుంటుంది, పొర నొక్కుకుపోతుంది. మందపు పొరను ఒక్కసారిగా చల్లార్చితే పెచ్చులు లేస్తుంది. ఈలోగా లేజర్ ఆపకండి, మచ్చ ఉన్నట్టుండి చెదిరిపోతే పెచ్చు లేచిన క్షణం అదే.

అలల లెక్క నిజమా అని తేల్చడానికి ఖరీదైన మైక్రోస్కోపు అక్కర్లేదు. పెంచక ముందు, పెంచాక తూకం వేయండి. 6.25 చదరపు సెంటీమీటర్ల మీద 2 మైక్రాన్ల వజ్రం, సాంద్రత 3.52, అంటే 4.4 మిల్లీగ్రాములు. 0.1 మిల్లీగ్రాము చూపే త్రాసు చాలు. నాకు ఒకసారి అలలు చెప్పినదానికంటే తూకం అరవంతు ఎక్కువ వచ్చింది. చూస్తే ముక్క వెనక వైపు అంచుల్లో కూడా పొర పాకింది.

తొమ్మిదో మెట్టు: రామన్

ఎంత మందమో తెలిసింది. అది వజ్రమా కాదా అన్నది ఇంకా తేలలేదు. దీనికి మళ్లీ లేజరే, ఈసారి 532 నానోమీటర్ల పచ్చది. పొర నుంచి చిమ్మే వెలుగులో కాస్త రంగు మారి వస్తుంది, ఆ మార్పుల పటమే రామన్ వర్ణపటం. వజ్రమైతే అందులో 1332 దగ్గర (ఈ అంకెల కొలత సెంటీమీటరుకు తరంగాల లెక్క) సన్నని గీత నిటారుగా నిలబడుతుంది. ఆ గీతను మొదట చూసింది మన దేశంలోనే, 1930లో, సి. రామస్వామి. అదే ఏడాది వజ్రాల రామన్ వర్ణపటం మీద పనిచేసిన వారిలో సూరి భగవంతం ఒకరు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, సీవీ రామన్ దగ్గర పనిచేసి, తర్వాత ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా, ఉస్మానియాలో వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. అప్పట్లో లేజర్లు లేవు, పాదరసపు దీపం వెలుగులో ఫోటో పలకల మీద పట్టారు.

మీ వర్ణపటంలో 1332 గీత వెడల్పు 5 నుంచి 10 దాకా ఉంటే ఈ తరహా పొరకు అది మంచి మార్కే, మేలిమి ఏకస్ఫటికానికి 2 దగ్గర ఉంటుంది. 1332 కంటే కొంచెం పైకి జరిగి కనిపిస్తే కంగారు వద్దు, చల్లబడినప్పుడు పొర నొక్కుకుపోయిందని చెబుతోంది. 1350, 1580 దగ్గర వెడల్పాటి గుట్టలుంటే అది వజ్రం కాని కార్బన్. అయితే వాటి ఎత్తు చూసి దిగులు పడకండి. ఈ పచ్చ వెలుగులో గ్రాఫైట్ తరహా కార్బన్ వజ్రం కంటే దాదాపు 50 రెట్లు గట్టిగా పలుకుతుంది. గుట్ట, గీత సమానంగా కనిపించినా వజ్రమే చాలా ఎక్కువ. 1140 దగ్గర చిన్న గుట్ట వస్తే గింజలు నానోమీటర్ల సైజులో ఉన్నాయని, వాటి అంచుల్లో హైడ్రోజన్‌తో కలిసిన కార్బన్ గొలుసులున్నాయని అర్థం.

ఒక ఉచ్చు ఉంది. 532 లేజర్‌తో చూస్తే 1332 గీత నిజానికి 572.6 నానోమీటర్ల దగ్గర పడుతుంది. పొరలో నైట్రోజన్ చేరితే వచ్చే ఒక మెరుపు 575 దగ్గర ఉంటుంది. రామన్ లెక్కలో అది 1400 పైచిలుకు, అంటే గీత పక్కనే. దాన్ని కార్బన్ గుట్ట అనుకుని మీథేన్ తగ్గించుకుంటూ పోతే ఎన్ని రన్‌లు చేసినా అది పోదు. అనుమానం వస్తే వేరే రంగు లేజర్‌తో చూడండి. నిజమైన రామన్ గీత లేజర్‌తో పాటు జరుగుతుంది, మెరుపు మాత్రం 575 దగ్గరే కూర్చుంటుంది. అలా కూర్చుంటే వెనక్కి, మొదటి మెట్టుకు వెళ్లి లీకు వెతకండి. నాకు రెండుసార్లు గ్యాస్ లైనులో, రెగ్యులేటర్ దగ్గరి ఫిట్టింగులోనే దొరికింది.